అమ్మానాన్నలతో ఉండటానికి ఏ ఫ్లాటు? నడక, బస్సు, కారు నిమిషాల లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ధర ఇంచుమించు ఒకటే అయిన రెండు ఫ్లాట్లు చూశారు. ఒకటి హైదరాబాదు నల్లకుంటలో పాత అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. ఇంకోటి కొల్లూరు వైపు, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, గేటెడ్ కమ్యూనిటీలో. నాన్నగారికి 74, అమ్మగారికి 69, పాప ఆరో తరగతి, మీరిద్దరూ ఉద్యోగస్తులు, ఉన్నది ఒక కారు. కొల్లూరు బ్రోచరులో 'ఆసుపత్రి 10 నిమిషాలు, స్కూలు 5 నిమిషాలు' అని ఉంది, అది ఎంతవరకు నమ్మాలి అని.

ఆ 10 నిమిషాలు ఎవరివి, ఏ పూటవి, ఏ బండి మీదవి అన్నది ముందు తేలాలి. బ్రోచరులో వేసే నిమిషాలు సాధారణంగా కారువి, ఖాళీ రోడ్డువి, అదీ కాంపౌండ్ గేటు దగ్గర మొదలైనవి. మీ నాన్నగారికి కావలసిన లెక్క ఇంటి తలుపు దగ్గర మొదలై మందుల షాపు కౌంటరు దగ్గర ముగియాలి, ఆయన నడకతో.

మొదట ఒక కాగితం మీద నెలలో ఎవరు ఎన్నిసార్లు ఎక్కడికి వెళ్తారో రాయండి. ఇంగ్లండులో ప్రభుత్వం ఇలాంటి లెక్క కోసం ఎనిమిది చోట్లు పెట్టుకుంది: ఉద్యోగాలుండే చోటు, ప్రైమరీ స్కూలు, హైస్కూలు, కాలేజీ, డాక్టరు, పెద్దాసుపత్రి, సరుకుల దుకాణం, ఊరి సెంటరు. మన ఇంటికి ఇవి సరిపోవు. గుడి, బ్యాంకు, రక్తపరీక్షల సెంటరు, ఇస్త్రీ బండి, చెప్పులు కుట్టేచోటు, జిరాక్సు, మీసేవ కూడా చేర్చండి. పెద్దవాళ్లకి పాలు, ఆకుకూరలకు 30 సార్లు, కూరగాయలకు 12, గుడికి 8, చిల్లర పనులకు 4, మందులకు 2, డాక్టరు దగ్గరికి ఒకసారి, బ్యాంకుకి ఒకసారి అనుకుందాం. మొత్తం 58. అందులో 50 పాలు, కూరలు, గుడి. ఆసుపత్రి ఒక్కసారే. పెద్దవాళ్ల ప్రయాణాల్లో బ్రోచరు ఆ ఒక్కదాని గురించే మాట్లాడుతుంది. ఈ 50 ప్రయాణాలకీ పిల్లల్ని అడగాల్సి వస్తే పెద్దవాళ్లు అడగరు, వెళ్లడం మానేస్తారు. నెలలు గడిచేకొద్దీ నడక తగ్గుతుంది, మోకాళ్లు పట్టేస్తాయి, మాట్లాడే మనుషులు తగ్గుతారు. అందుకే నా దృష్టిలో మొదటి మార్కులు నడకవే.

నడక లెక్క ఇలా వేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి నిమిషానికి 80 మీటర్లు నడుస్తాడని రవాణా లెక్కల్లో పట్టుకుంటారు. 70 దాటినవాళ్లకి సెకనుకి 0.8 మీటరు, అంటే నిమిషానికి 48 మీటర్లు పెట్టుకోండి. మీరు రాసిన దూరాల ప్రకారం కొల్లూరులో మీ బ్లాకు నుంచి గేటుకి 420 మీటర్లు, గేటు నుంచి కిరాణా కొట్టుకి 900. మొత్తం 1,320. మీకు పదహారున్నర నిమిషాలు. నాన్నగారికి పోవడానికి 27, రావడానికి 27, చేతిలో సంచితో ఇంకా ఎక్కువ. నల్లకుంటలో కొట్టు 180 మీటర్లు, నాలుగు నిమిషాల లోపు. మ్యాపులో చుక్కకీ చుక్కకీ గీసిన దూరం మాత్రం ఎప్పుడూ నమ్మొద్దు. మామూలు వీధుల్లో నడిచే దారి అంతకంటే 30, 40 శాతం ఎక్కువ ఉంటుంది. ప్రహరీ గోడలున్న చోట రెండింతలు, మూడింతలు కూడా అవుతుంది.

దూరం సగమే. ఆ దారి ఎలా ఉందన్నది మిగతా సగం. ఒక చిన్న పరీక్ష ఉంది: చక్రాల కూరగాయల సంచి ఒకటి, లేకపోతే ఖాళీ ట్రాలీ సూట్‌కేసు తీసుకుని ఇంటి నుంచి బస్టాపు దాకా ఫుట్‌పాత్ మీదే లాక్కుంటూ వెళ్లండి. దాన్ని చేత్తో ఎత్తాల్సి వచ్చిన ప్రతిసారీ ఒక గీత, ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదికి రావాల్సి వచ్చిన ప్రతిసారీ ఒక సున్నా. గీత ఉన్నచోట మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆగుతుంది. సున్నా ఉన్నచోట ఆమె వెనక నుంచి బండ్లు వస్తుంటాయి. 400 మీటర్లలో అరడజను సున్నాలు వస్తే అక్కడ ఫుట్‌పాత్ లేనట్టే రాసుకోండి. రోడ్ల ప్రమాణాలు తయారుచేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్‌కి ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. టేపు పెట్టి చూడండి. చాలాచోట్ల అంచు 25, 30 ఉంటుంది. రోడ్డు పక్కనున్న ప్రతి ఇంటివాళ్లూ కారు ఎక్కడానికి సొంత ర్యాంపు పోసుకుంటారు, కాబట్టి పది అడుగులకోసారి ఎక్కడం, దిగడం. మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు, టీ బండి, బైకులు. ఇదే దారిని రాత్రి ఏడున్నరకి ఇంకోసారి నడవండి, వీధి దీపాలు, కుక్కలు అప్పుడే తెలుస్తాయి. వాన పడిన మర్నాడు వెళ్లగలిగితే ఇంకా మంచిది. నల్లకుంట విషయంలో ఇది తప్పనిసరి. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లను మూసీకి తీసుకెళ్లే నాలా ఆ చుట్టుపక్కల నుంచే పోతుంది. ప్రహరీ గోడల మీద అడుగున్నర, రెండడుగుల ఎత్తులో అడ్డంగా మట్టి చార ఉందేమో చూడండి. ఉంటే, 2020 అక్టోబరు వరదల్లో ఇంట్లోకి నీళ్లొచ్చాయా అని కింద ఇంటివాళ్లని అడగండి. బ్రోకరుని అడిగి లాభం లేదు.

రోడ్డు దాటడం గురించి విడిగా చెప్పాలి, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. మ్యాపులో మందుల షాపు 'ఎదురుగానే' ఉంటుంది. మధ్యలో ఆరు వరసల రోడ్డు ఉంటుంది. ఒక పక్క మూడు వరసలు, ఒక్కోటి మూడున్నర మీటర్లు, అంటే పదిన్నర మీటర్లు. నాన్నగారి నడకతో డివైడరు చేరడానికి 13 సెకన్లు. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి 13 సెకన్లలో 145 మీటర్లు వచ్చేస్తుంది. అంటే ఆయన అడుగు వేసే క్షణానికి దాదాపు 150 మీటర్ల దాకా రోడ్డు ఖాళీగా ఉండాలి. హైదరాబాదులో చాలా చౌరస్తాల్లో సిగ్నళ్లు తీసేసి యూటర్న్‌లు పెట్టారు. బండ్లు ఆగకుండా పోవడానికి అది బాగానే పనిచేస్తుంది. కానీ సిగ్నలు పడ్డప్పుడు దొరికే ఖాళీ నడిచేవాళ్లకి లేకుండా పోయింది. ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉందంటారు. కింద నుంచి బస్సులు, లారీలు పోవడానికి ఐదున్నర మీటర్ల ఎత్తు వదలాలి, ఒక్కో మెట్టు 15 సెంటీమీటర్లు అనుకున్నా ఎక్కడానికి 40 మెట్లు, దిగడానికి 40. లిఫ్టు ఉంటే అది ఆ రోజు పనిచేస్తోందో లేదో మీరే ఎక్కి చూడండి. దగ్గర్లో మెట్రో స్టేషను ఉంటే అది వేరే లెక్క. చాలా స్టేషన్లలో టికెట్టు లేకుండానే పై అంతస్తు మీదుగా లిఫ్టులో రోడ్డుకి అవతలి పక్కకి దాటొచ్చు.

ఇక బస్సు. 'బస్ సౌకర్యం ఉంది' అన్న మాటకి అర్థం లేదు, ఎంతసేపటికి ఉందన్నదే ప్రశ్న. లండన్ రవాణా సంస్థ ఒక మార్కుల పద్ధతి వాడుతుంది, దాన్ని మన గల్లీకి కూడా వేసుకోవచ్చు. బస్టాపు 640 మీటర్ల లోపు ఉండాలి, అంటే 8 నిమిషాల నడక. రైలు స్టేషను 960 లోపు, అంటే 12 నిమిషాలు. దాటితే ఆ స్టాపు లేనట్టే. తర్వాత, బస్సుకీ బస్సుకీ మధ్య ఉండే సమయంలో సగం తీసుకుని, ఆలస్యాలకు బస్సుకైతే 2 నిమిషాలు, రైలుకైతే ముప్పావు నిమిషం కలుపుతారు. దానికి నడక నిమిషాలు కలిపి, 30ని ఆ మొత్తంతో భాగిస్తారు. వచ్చిందే ఆ రూటు మార్కు, ఎంత ఎక్కువైతే అంత మేలు. నల్లకుంటలో మీ స్టాపు 350 మీటర్లు, నడక 4.4 నిమిషాలు. ఒక రూటు బస్సు 10 నిమిషాలకోసారి వస్తే ఎదురుచూపు 5 కలుపు 2. మొత్తం 11.4. ముప్పైని దాంతో భాగిస్తే 2.6. ఇంకో రూటు 20 నిమిషాలకోసారి అయితే 16.4కి 1.8, కానీ మొదటి రూటు తప్ప మిగతావాటికి సగమే వేస్తారు కాబట్టి 0.9. రెండూ కలిపి 3.5. ఇలా మీకు పనికొచ్చే రూట్లన్నీ కూడండి. కొల్లూరులో మీ బ్లాకు నుంచి స్టాపు 1,520 మీటర్లు. అది 640 దాటింది, మార్కు సున్నా. నాన్నగారికి ఆ దూరం నడవడానికే అరగంట పైన. ఈ మార్కులు మీ రెండు ఇళ్లని పోల్చుకోవడానికి మాత్రమే, లండన్ పేటలతో పోల్చకండి. బస్సు ఎక్కడికి పోతుందన్నది కూడా ఈ లెక్కలో రాదు. మీరు వెళ్లని చోటికి పోయే రూటుని అసలు కూడకండి.

ఎన్ని నిమిషాలకోసారి వస్తుందన్నది బోర్డు చూసి రాయొద్దు, నిలబడి రాయాలి. మామూలు మంగళవారమో బుధవారమో పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు. ప్రతి బస్సుకీ నాలుగు రాయండి: రూటు నంబరు, వచ్చిన సమయం, ఆర్డినరీయా మెట్రో ఎక్స్‌ప్రెస్సా డీలక్సా, స్టాపు దగ్గర ఆగిందా నడిరోడ్డు మీద ఆగిందా. ఎందుకంటే బస్సులు గుంపుగా వస్తాయి. గంటకి ఐదు బస్సులు సమానంగా వస్తే సగటు ఎదురుచూపు 6 నిమిషాలు. అవే ఐదు బస్సులు మూడు ఒకసారి, అరగంట తర్వాత రెండు ఒకసారి వస్తే సగటు 15 నిమిషాలు. డిపో లెక్కలో రెండూ గంటకి ఐదే. ఎండలో నిలబడ్డ అమ్మగారికి మాత్రం రెండున్నర రెట్లు తేడా. ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో కనిపిస్తుంది. గుంపుగా వచ్చే రూట్లకి ఇది బాగా ఉపయోగపడుతుంది, ఇంట్లో కూర్చునే ఎదురుచూడొచ్చు.

నడిరోడ్డు మీద ఆగడం ఎందుకు రాయమన్నానంటే, బస్సు ఫుట్‌పాత్‌ని ఆనుకుని ఆగితే మొదటి మెట్టు ఎక్కడానికి ఫుట్‌పాత్ ఎత్తు కలిసొస్తుంది. రెండో వరసలో ఆగితే కిందికి దిగి, ఆటోల మధ్య నుంచి వెళ్లి, నేల మీద నుంచి అంత ఎత్తు కాలెత్తాలి. మోకాళ్లు బాగాలేనివాళ్లు బస్సు మానేసేది ఛార్జీకి భయపడి కాదు, ఆ మొదటి మెట్టుకి భయపడి. అమ్మగారికి ఛార్జీ ఎలాగూ ఉండదు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం. మెట్రో డీలక్స్‌లో టికెట్టు కొనాలి, అందుకే బస్సు రకం రాయమన్నది. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. మీరు గుంటూరు నుంచి వాళ్లని తీసుకొస్తున్నారు కాబట్టి ఇల్లు మారగానే ఆధార్‌లో చిరునామా మార్పించండి. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం అక్కడి బస్సులకే, ఇక్కడ చెల్లదు.

మెట్రో గురించి రెండు మాటలు. నల్లకుంటకి దగ్గరగా ఉన్నవి జేబీఎస్, ఎంజీబీఎస్‌ల మధ్య నడిచే లైనులోని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ. మీ వీధి నుంచి 960 మీటర్లు దాటే అవకాశమే ఎక్కువ, కాబట్టి మధ్యలో ఆటో ఖర్చు, ఆటో ఎదురుచూపు కలపాలి. విద్యానగర్‌లో ఎంఎంటీఎస్ ఆగుతుంది, కానీ అది టైము చూసుకుని వెళ్లాల్సిన రైలు, స్టేషనుకెళ్లి నిలబడితే వచ్చేది కాదు. శివారులో అసలైన ప్రజా రవాణా షేర్ ఆటో. కొల్లూరు గేటు దగ్గర నిలబడి మూడు చూడండి: ఎంతమంది ఎక్కితే కదులుతుంది, మధ్యాహ్నం రెండింటికి దొరుకుతుందా, రాత్రి చివరిది ఎన్నింటికి. పనమ్మాయి, వంటమ్మాయి వచ్చేది కూడా ఆ షేర్ ఆటోలోనే. అది లేని రోజు మీ ఇంట్లో పని ఆగుతుంది.

కారు లెక్కలో జనం రాసేది స్టీరింగు పట్టుకున్న సమయం ఒక్కటే. సెల్లార్ నుంచి బయటికి తీయడం, గేటు, యూటర్న్, అక్కడ పార్కింగు వెతకడం, పార్కింగు నుంచి నడక అన్నీ కలపండి. సిటీలో ఆసుపత్రికి పార్కింగుకే 10 నిమిషాలు పెట్టుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో ఇప్పుడు కనిపించే సమయం చూడకుండా, బయల్దేరే సమయం మంగళవారం పొద్దున 9 అని పెట్టి చూడండి. '25 నుంచి 50 నిమిషాలు' అని ఇస్తుంది. పై అంకె రాసుకోండి. చేరాల్సిన చోటు రోడ్డుకి ఏ పక్కనుందో కూడా చూడండి. అవతలి పక్కనుంటే యూటర్న్ దాకా పోయి వెనక్కి రావాలి.

ఔటర్ పక్కన ఇల్లంటే ఔటర్ మీద ఇల్లు కాదు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు ఎక్కడానికి ఇంటర్‌ఛేంజ్‌లు తప్ప దారి లేదు. కిటికీలోంచి రోడ్డు కనిపించినా ఎక్కేచోటు కొన్ని కిలోమీటర్ల దూరం ఉండొచ్చు. పైగా దాని మీద బైకులకి, ఆటోలకి ప్రవేశం లేదు. అంటే 'ఆసుపత్రి 10 నిమిషాలు' అన్నది కారున్నవాళ్లకే. ఆటో ఎక్కితే సర్వీసు రోడ్డే గతి. మీ కారు పొద్దున తొమ్మిదికి ఆఫీసుకి వెళ్లి రాత్రి ఎనిమిదికి వస్తుంది. ఆ పదకొండు గంటలూ ఇంట్లో ఉన్న ఇద్దరికీ కారు లేదు. అందుకే కాగితం మీద కారు గడిలో నిమిషాలతో పాటు 'ఏ వేళ' అని కూడా రాయండి.

అత్యవసరం వస్తే దగ్గరున్న నర్సింగ్ హోమ్ లెక్కలోకి రాదు. గుండెపోటైతే యాంజియోప్లాస్టీ రాత్రి రెండింటికీ చేసే చోటు, పక్షవాతమైతే సీటీ స్కాను 24 గంటలూ ఉన్న చోటు కావాలి. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది, అందులో స్కానుకి, పరీక్షలకి కొంత పోతుంది. ఆసుపత్రికి ఫోన్ చేసి ఈ రెండూ సూటిగా అడగండి. తర్వాత 108 వచ్చే దారి చూడండి. గేటెడ్ కమ్యూనిటీలో ఇక్కడ నిజంగా ఒక లాభం ఉంది, అంబులెన్సు బ్లాకు మెట్ల దాకా వస్తుంది. నల్లకుంట గల్లీల్లో రెండు పక్కలా కార్లు పెడితే రాలేదు, మలుపు దగ్గరే ఆగాలి. రాత్రి పదకొండింటికి వెళ్లి ఆ గల్లీలో మిగిలిన వెడల్పు కొలవండి. మూడు మీటర్ల కంటే తక్కువుంటే ఇబ్బందే. లిఫ్టు లోపల కూడా కొలవాలి. స్ట్రెచరు రెండు మీటర్ల దాకా పొడుగు ఉంటుంది, ఆరుగురు పట్టే మామూలు లిఫ్టులో పడుకోబెట్టిన మనిషి పట్టడు.

లిఫ్టు మాట వచ్చింది కాబట్టి, నల్లకుంట ఫ్లాటుకి లిఫ్టు ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే రెండో అంతస్తుకి దాదాపు 40 మెట్లు, ఇందాక చెప్పిన ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కినట్టే, రోజుకి రెండుసార్లు. అప్పుడు కొట్టు 180 మీటర్లలో ఉన్నా ప్రయోజనం సగం పోతుంది. లిఫ్టు ఉండి, దానికి కరెంటు పోయినప్పుడు బ్యాకప్ ఉండి, గోడ మీద వరద చార లేకపోతే, మీ కుటుంబానికి నేను నల్లకుంటే చెప్తాను. కూరగాయల మార్కెట్టు, మందుల షాపులు, పరీక్షల సెంటర్లు నడిచే దూరంలో ఉంటాయి, పాప రెండేళ్లలో ఒంటరిగా బస్సెక్కగలుగుతుంది. లిఫ్టు లేకపోతే ఆ చుట్టుపక్కలే గ్రౌండ్ ఫ్లోరు, ఫస్ట్ ఫ్లోరు వెతకండి, వెంటనే కొల్లూరు వైపు పోకండి.

అయినా కొల్లూరే తీసుకోవాలనుకుంటే, బ్లాకు ఎంపికలోనే సగం పని అయిపోతుంది. చెరువు కనిపించే చివరి బ్లాకు కంటే గేటు పక్క బ్లాకు మీ నాన్నగారికి మేలు, ధర కూడా తగ్గొచ్చు. లోపల మందుల షాపు, కిరాణా 'రాబోతున్నాయి' అంటే లెక్కలో వేయకండి, ఇప్పుడు షట్టరు తెరిచి ఉన్నవే వేయండి. మెట్రో స్టేషనుకి షటిల్ బస్సు ఉందంటే టైముల పట్టిక, నెల ఖర్చు, అది బిల్డరు ఇస్తున్నాడా అసోసియేషన్ ఇస్తోందా అని రాతపూర్వకంగా అడగండి. బిల్డరు ఇస్తుంటే, అప్పగింత అయ్యాక ఖర్చు ఎవరి మీద పడుతుందో కూడా.

ఇంకొక్కటి, వెనక ప్రహరీ గోడ పొడుగునా ఒకసారి నడిచి రండి. కొట్లు, బస్టాపు ఉన్న రోడ్డు వైపు చిన్న గేటు ఉంటే, మీ బ్లాకు నుంచి కొట్టు దూరం 1,320 నుంచి 500 మీటర్లకి పడిపోవచ్చు. చాలాచోట్ల ఆ గేటు ఉంటుంది, సెక్యూరిటీ పేరు చెప్పి తాళం వేసి ఉంచుతారు. కార్డు గీస్తే తెరుచుకునే తాళం పెట్టించి, పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరవడానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందేమో అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి. గేటే లేకపోతే, మంజూరైన ప్లానులో ఆ గోడ అవతల ఉన్నది ప్రభుత్వ రోడ్డా, వేరేవాళ్ల ఖాళీ స్థలమా చూడండి. రోడ్డయితే రేపైనా గేటు పెట్టించుకోవచ్చు. ఖాళీ స్థలమైతే ఇప్పుడు జనం అడ్డంగా నడుస్తున్న ఆ కాలిదారి, అక్కడ కట్టడం మొదలైన రోజున మూసుకుపోతుంది.